తలకెంత? దేశాలకు తరగతులు కట్టిన లెక్క కథ

డ్యూటీల వల్ల ఎపిసోడ్ వినడం కుదరనివాళ్ల కోసం, విన్నాక తీరిగ్గా ఇంకోసారి చదువుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ రాతప్రతి. మాట్లాడిందే కాస్త సర్ది రాశాం.

ఈసారి కథ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. దోహాలో పనిచేసే ఒక శ్రోత రాత్రి షిఫ్టు దిగి పంపారు. "అన్నా, మా క్యాంపులో ఒకడు ఇండియా పేద దేశం అంటాడు. టీవీ పెడితే మనది ప్రపంచంలో మొదటి ఐదు పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటి అంటారు. ఇందులో ఏది నిజం? ఇంకోటి, నేను ఇక్కడ సంపాదించి ఇంటికి పంపే పైసలు ఏ దేశం లెక్కలో పడతాయి?"

ప్రశ్నలు రెండూ బాగున్నాయి. మొదటిదానికి జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మొత్తం సంపాదన చూస్తే మనది పెద్ద దేశం, దాన్ని 140 కోట్ల మందికి పంచి చూస్తే కింది వరుసలో ఉన్న దేశం. రెండూ నిజమే. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం చాలా దూరం వెళ్లి రావాలి. దేశాన్ని మనుషుల తలలతో భాగించి, వచ్చిన అంకెను బట్టి బడిలో పిల్లలకు కట్టినట్టు తరగతులు కట్టే ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది? ఎవరు గీశారు ఆ గీతలు? కథ చాలామట్టుకు అమెరికాలో జరుగుతుంది. మొదలు మాత్రం మన దగ్గరే.

కూలీ కంచంతో మొదలు

1870లలో దాదాభాయ్ నౌరోజీ ఒక పని పెట్టుకున్నారు. బ్రిటిష్ ఇండియాలో సగటు మనిషికి ఏడాదికి ఎంత ఆదాయం వస్తుందో లెక్కగట్టాలి. అప్పటికి ఆ అంకె ప్రభుత్వం దగ్గర లేదు. ఆయన ఒక్కో ప్రాంతం పంటల లెక్కలు తీసి, ధరలతో గుణించి, 1867-68 సంవత్సరానికి ఒక అంకె తేల్చారు. తలకు 20 రూపాయలు. మన కోస్తా, సీమ జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన అంకె ఇంకా తక్కువ.

20 రూపాయలంటే ఎక్కువా, తక్కువా? ఏదో ఒకదానితో పోల్చకపోతే తెలియదు. నౌరోజీ పోల్చడానికి ఎంచుకున్నవి రెండు. జైల్లో ఖైదీ తిండికీ బట్టకూ సర్కారు పెట్టే ఖర్చు ఒకటి. ఓడల్లో దూరదేశాలకు తీసుకుపోయే వలస కూలీలకు ప్రయాణంలో ఇవ్వాల్సిన కనీస తిండి కొలత రెండోది. ఆ కొలతను వలసల మీద అజమాయిషీ చేసే సర్కారు వైద్యాధికారే నిర్ణయించాడు. రోజుకు ఇన్ని బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని. ఆ లెక్కన చూస్తే, ఓడలో కూలీకి పెట్టే తిండికి కూడా ఆ 20 రూపాయలు చాలవని తేలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ రోజుల్లో కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి మనవాళ్లు బర్మాకూ, మారిషస్‌కూ ఓడలెక్కుతున్నారు. దేశం పేదదో కాదో తేల్చడానికి తొలిసారి వాడిన కొలబద్దల్లో ఒకటి వలస కూలీ కంచం. తలసరి ఆదాయం అనే మాట పుట్టిన నాటి నుంచీ మనం ఆ లెక్క పక్కనే ఉన్నాం. లెక్క లోపల ఉన్నామా లేదా అన్నది చివర్లో చూద్దాం.

తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు

ఇప్పుడు అమెరికా. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, రొట్టె కోసం జనం వీధుల్లో బారులు తీరారు. విచిత్రం ఏంటంటే, దేశం ఎంత నష్టపోయిందో వాషింగ్టన్‌లో ఎవరికీ సరిగ్గా తెలియదు. రైలు వ్యాగన్లు ఎన్ని నిండాయి, ఉక్కు ఎంత తయారైంది అనే విడివిడి అంకెలున్నాయి. దేశం మొత్తం సంపాదన ఇంత అని చెప్పే అధికారిక అంకె లేదు. 1932లో విస్కాన్సిన్ సెనేటర్ రాబర్ట్ లఫాలెట్ చొరవతో సెనేట్ ఒక తీర్మానం చేసింది. దేశ ఆదాయం లెక్కగట్టి తేవాలని వాణిజ్య శాఖను అడిగింది. ఆ పని సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త చేతికి వచ్చింది.

కుజ్నెట్స్ కూడా మనలాంటి వలసజీవే. 1901లో పిన్స్క్‌లో పుట్టాడు. అది అప్పటి రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు బెలారస్‌లో ఉంది. తండ్రి ముందే అమెరికా చేరితే, కొడుకు యుద్ధాలూ విప్లవాలూ దాటుకుని 1922లో వచ్చి కలిశాడు. న్యూయార్క్‌లో ఇంగ్లీషు నేర్చుకుని, కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేట్ చేశాడు. పదేళ్లు తిరిగేసరికి తాను వచ్చి చేరిన దేశపు ఖాతా పుస్తకం రాసే పనిలో కూర్చున్నాడు.

1934 జనవరిలో ఆ నివేదిక సెనేట్‌కు అందింది. 1929కీ 1932కీ మధ్య దేశంలో పుట్టిన ఆదాయం సగానికి పైగా పడిపోయిందని తేలింది. మూడేళ్లలో సగం! అప్పటిదాకా అందరికీ కడుపులో తెలిసిన సంగతి అప్పుడు కాగితం మీదికొచ్చింది.

కానీ కుజ్నెట్స్ అంకె ఇచ్చి ఊరుకోలేదు. అదే నివేదికలో హెచ్చరికలు కూడా రాశాడు. ఈ లెక్కలో ఇల్లాలు ఇంట్లో చేసే చాకిరీ లేదన్నాడు. ఆదాయం ఎవరికి ఎంత అందిందో తెలియకుండా మొత్తం చూసి దేశం క్షేమాన్ని అంచనా కట్టలేమన్నాడు. ఆ ఆదాయం వెనక ఎంత చెమట, ఎంత కష్టం ఉందో కూడా ఈ అంకె చెప్పదన్నాడు. 1971లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంకె ప్రపంచమంతా పాకింది. హెచ్చరిక మాత్రం నివేదికలోనే ఉండిపోయింది.

57, 1453

రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 జులైలో, అమెరికాలోని న్యూహాంప్‌షైర్ కొండల్లో బ్రెటన్‌వుడ్స్ అనే చోట ఒక పెద్ద హోటల్లో 44 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు అక్కడే రూపుదిద్దుకున్నాయి. మన దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. అయినా ఇండియా తరఫున ఒక బృందం వెళ్లింది. అందులో సి.డి. దేశ్‌ముఖ్, ఆర్.కె. షణ్ముఖం చెట్టి లాంటివాళ్లున్నారు.

1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రమాణస్వీకార ప్రసంగంలో వెనుకబడిన ప్రాంతాలకు సాయం చేస్తామన్నాడు. సరే, ఎవరు ఎంత వెనుకబడ్డారు? దానికి జాబితా కావాలి కదా. 1950లో న్యూయార్క్ నుంచి ఐక్యరాజ్యసమితి గణాంక కార్యాలయం ఒక చిన్న పుస్తకం వేసింది. 70 దేశాల 1949 నాటి తలసరి ఆదాయాలు, అన్నీ అమెరికా డాలర్లలో. అమెరికా 1,453. ఇండియా 57.

పాతిక రెట్ల తేడా. అన్ని దేశాలనూ ఒకే కరెన్సీలోకి మార్చి ఒకే నిచ్చెన మీద నిలబెట్టడం అప్పటి నుంచీ మామూలైపోయింది. ఆ నిచ్చెన డాలర్లతో కట్టింది, పై మెట్టు మీద అమెరికా కనిపించింది. చిక్కు ఏంటంటే, మారకం రేటుతో మారిస్తే ధరల తేడా కనిపించదు. న్యూజెర్సీలో క్రాఫు చేయించుకుంటే పాతిక డాలర్లు అవుతుంది. అదే క్రాఫు కరీంనగర్‌లో ఒకటి రెండు వందల రూపాయల్లో అయిపోతుంది. కత్తెర అదే, జుట్టు అదే, అంకె మాత్రం వేరు. ఈ చిక్కు విప్పడానికే 1968లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇర్వింగ్ క్రావిస్ బృందం, ఐక్యరాజ్యసమితి కలిసి వివిధ దేశాల ధరలను పోల్చే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఇవాళ కొనుగోలు శక్తి లెక్క అంటున్నది దాని సంతానమే. ఆ లెక్కన అమెరికా సగటు మనిషికీ మన సగటు మనిషికీ తేడా దాదాపు ఎనిమిది రెట్లు. మారకం రేటు లెక్కన ముప్పై రెట్ల పైనే.

అయితే దేశాలకు తరగతులు కట్టేటప్పుడు వాడేది ఈ కొనుగోలు శక్తి లెక్క కాదు. ప్రపంచ బ్యాంకు అట్లాస్ పద్ధతి అంటుంది. మూడేళ్ల మారకం రేట్లను, ధరల పెరుగుదల తేడాలను సర్ది సగటు తీసి డాలర్లలోకి మారుస్తారు. రూపాయి ఒక ఏడాది ఒక్కసారిగా పడిపోతే దేశం తరగతి మారిపోకుండా ఆ సర్దుబాటు. 1966 నుంచి బ్యాంకు వేసిన అట్లాస్ పుస్తకం మీదుగా ఆ పేరు వచ్చింది.

పోచంపాడుకు వచ్చిన అప్పు

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ అంకె వల్ల అప్పు పుడుతుంది కాబట్టి.

1960లో ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఇంకో సంస్థ పెట్టారు. దాని పేరు అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, పొట్టిగా ఐడీఏ. తలసరి ఆదాయం ఒక గీతకు కింద ఉన్న దేశాలకే దాని అప్పు. అప్పట్లో వడ్డీ ఉండేది కాదు, ఏడాదికి ముప్పావు శాతం సేవా రుసుము అంతే. తీర్చడానికి 50 ఏళ్లు, అందులో మొదటి పదేళ్లు అసలు కట్టక్కర్లేదు. ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి విమానం ఎక్కినవాళ్లకు ఈ షరతుల విలువ వేరే చెప్పక్కర్లేదు.

గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మనం ఇప్పుడు శ్రీరాంసాగర్ అంటున్నది అదే. పని డబ్బుల్లేక నడుస్తూ ఆగుతూ ఉంటే, 1970లలో దానికి ఐడీఏ అప్పు దొరికింది. అంటే నిజామాబాద్, కరీంనగర్ పొలాలకు వచ్చిన కాలువ నీళ్ల వెనక, వాషింగ్టన్‌లో ఎవరో మన దేశం అంకె చూసి, గీతకు కిందే ఉంది అని టిక్కు పెట్టిన కాగితం ఒకటి ఉంది. నీళ్లు అందని ఊళ్ల నుంచీ, అందిన ఊళ్ల నుంచీ కూడా జనం గల్ఫ్‌కు పోయారు, అది వేరే కథ. పేదరికం ముద్రకు ఒక ధర ఉంది, ఒక లాభమూ ఉంది అని చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

అప్పు వస్తే షరతులూ వస్తాయి. 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం తన ఆర్థిక సంస్కరణల కోసం ప్రపంచ బ్యాంకు అప్పు తీసుకుంది. ఆ తర్వాత కరెంటు సంస్కరణలకు మరోటి. చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ తరం తెలుగువాళ్లకు ప్రపంచ బ్యాంకు అనే మాట వినగానే గుర్తొచ్చేది ఆ రోజే. ఇంకో వైపు, ఏలూరులో పుట్టి, 1990లలో రాష్ట్ర ఆర్థిక శాఖ కార్యదర్శిగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావు 1999 నుంచి 2004 దాకా అదే బ్యాంకులో ఆఫ్రికా దేశాల పేదరికం మీద పనిచేశారు. తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నర్ అయ్యారు. అప్పు తీసుకునే బల్ల దగ్గరా, ఇచ్చే బల్ల దగ్గరా మనవాళ్లు కూర్చున్నారు.

గీతలు గీసినవాళ్లు

ప్రపంచ బ్యాంకు 1978లో తన మొదటి ప్రపంచ అభివృద్ధి నివేదిక వేసింది. అప్పటి అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా. అందులో వర్ధమాన దేశాలను రెండు ముక్కలు చేశారు. తలకు 250 డాలర్లు, అంతకు తక్కువైతే అల్పాదాయ దేశం. ఎక్కువైతే మధ్యాదాయ దేశం. మనం మొదటి గుంపులో ఉన్నాం.

ఇప్పుడు మనం చూస్తున్న నాలుగు తరగతులు 1989లో స్థిరపడ్డాయి. 1987 నాటి లెక్కలు పట్టుకుని గీతలు గీశారు. 480 డాలర్ల దాకా అల్పాదాయం. 1,940 దాకా దిగువ మధ్యాదాయం. 6,000 దాకా ఎగువ మధ్యాదాయం. ఆ పైన అధికాదాయం. కింది గీత కొత్తగా ఆలోచించి పెట్టింది కాదు. బ్యాంకు డబ్బుతో జరిగే నిర్మాణ పనుల్లో సొంత దేశపు కాంట్రాక్టర్లకు ప్రాధాన్యం ఇచ్చుకునే వీలు ఏ దేశాలకుందో తేల్చడానికి బ్యాంకు అప్పటికే వాడుతున్న గీత అది. ఆఫీసు అవసరానికి గీసిన గీత మెల్లగా ప్రపంచ పటం మీద సరిహద్దు అయిపోయింది.

ఆ గీతలను ధరల పెరుగుదలకు తగ్గట్టు ఏటా పైకి జరుపుతారు. జులై 1న కొత్త జాబితా వస్తుంది. 2024 జులైలో వచ్చిన జాబితాలో గీతలు ఇవి: 1,145 దాకా అల్పాదాయం, 4,515 దాకా దిగువ మధ్యాదాయం, 14,005 దాకా ఎగువ మధ్యాదాయం. 2023 సంవత్సరానికి ఇండియా 2,540. అమెరికా 80 వేల పైన. గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలూ అధికాదాయం.

బ్యాంకు గీసిన గీతను చట్టాలు కూడా అరువు తెచ్చుకున్నాయి. పేద దేశాల సరుకుకు సుంకం లేకుండా అమెరికాలోకి దారి ఇచ్చే పథకం ఒకటి 2020 చివరి దాకా అమల్లో ఉండేది. ప్రపంచ బ్యాంకు ఏ దేశాన్నైనా అధికాదాయ దేశం అని తేలిస్తే ఆ పథకం నుంచి తప్పించాలని అమెరికా చట్టంలోనే రాసుకున్నారు. 2016లో వచ్చేసరికి ప్రపంచ బ్యాంకు తన గణాంకాల పుస్తకంలో వర్ధమాన దేశాలు అనే మాట వాడటం తగ్గించుకుంది. మలావీనీ మెక్సికోనూ ఒకే మాట కింద కట్టేయడంలో అర్థం లేదని. మాట పోయింది, గీతలు ఉన్నాయి.

పదిహేను డాలర్లు

మన దేశం ఆ కింది గీత ఎప్పుడు దాటింది? 2007 లెక్కలతో. ఆ ఏడాది గీత 935 డాలర్లు. ఇండియా 950. పదిహేను డాలర్ల తేడా. ఆ 15 డాలర్లతో 100 కోట్లకు మించిన జనం ఒక్క జాబితాతో అల్పాదాయం నుంచి మధ్యాదాయంలోకి మారారు. ముందు రోజు రాత్రి, మర్నాడు పొద్దున ఎవరి ఇంట్లోనూ పప్పు చారు రుచి మారలేదు. కానీ ప్రపంచంలో అల్పాదాయ దేశాల జనాభా ఒక్క దెబ్బకు దాదాపు సగం తగ్గినట్టు కనిపించింది. పేదలు అక్కడే ఉన్నారు, వాళ్ల దేశం పక్క గడిలోకి జరిగింది. 2014లో ఐడీఏ అప్పుల అర్హత నుంచి కూడా ఇండియా బయటికొచ్చింది. ఆ తర్వాత మూడేళ్లు సర్దుబాటు సాయం ఇచ్చారు.

మన ఊళ్లలో ఒక కరణం కథ చెప్పుకుంటారు. వాగు దాటే ముందు కరణం గారు అక్కడక్కడా లోతు కొలిచి సగటు కట్టి, ఇంటిల్లిపాది ఎత్తులు కొలిచి ఇంకో సగటు కట్టి, పర్లేదు దిగండి అన్నాడట. అవతలి గట్టుకు చేరాక పిల్లలు కనపడలేదు. కరణం మళ్లీ లెక్క చూసుకున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. కుజ్నెట్స్ హెచ్చరికలో సగం ఆ కథలోనే ఉంది. పది మంది ఉన్న చోట ఒకరికి నెలకు 9 లక్షలు, మిగతా తొమ్మిది మందికి తలా 10 వేలు వస్తే సగటు 99 వేలు. ఆ 99 వేలు ఆ పది మందిలో ఎవరి జేబులోనూ లేవు.

మరి మీరెక్కడ?

ఇక దోహా అన్న రెండో ప్రశ్న. తరగతులు కట్టడానికి వాడేది స్థూల జాతీయ ఆదాయం, అంటే జీఎన్ఐ. జాతీయ అనగానే మన జాతివాళ్లంతా ఎక్కడున్నా అందులో ఉంటారని అనుకుంటాం. కాదు. ఆ లెక్కలో పౌరసత్వం చూడరు, నివాసం చూస్తారు. ఏడాది, అంతకు మించి ఒక దేశంలో ఉండి పనిచేస్తే మీరు ఆ దేశపు నివాసి కిందికి వస్తారు. పాస్‌పోర్టు మీద మూడు సింహాలున్నా సరే. ఏడాదిలోపు పనికి పోయి వచ్చేవాళ్ల జీతమే సొంత దేశపు జీఎన్ఐలో కలుస్తుంది. చదువుకోవడానికి పోయిన విద్యార్థులను మాత్రం ఎన్నేళ్లున్నా సొంత దేశపు నివాసులుగానే చూడాలని నియమం.

అంటే దోహాలో పదేళ్లుగా ఉన్న అన్న చేసిన పని ఖతార్ ఆదాయంలో ఉంది. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్నవాళ్ల జీతం అమెరికా ఆదాయంలో ఉంది. మరి ఇంటికి పంపిన డబ్బు? 2023లో ప్రపంచం నలుమూలల నుంచి ఇండియాకు వచ్చిన సొమ్ము దాదాపు 12,500 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకే అంచనా వేసింది. ఏ దేశానికీ అంత రాలేదు. అయినా అందులో ఏడాదికి మించి బయట ఉన్నవాళ్లు ఇంటికి పంపేది ఆ 2,540 డాలర్ల అంకెలో నేరుగా లేదు. దాన్ని సంపాదనగా కాదు, ఒకరు ఇంకొకరికి ఊరికే ఇచ్చినదానిగా, బదిలీ పద్దు కింద రాస్తారు. దాన్ని కూడా కలిపే ఇంకో లెక్క ఉంది కానీ, తరగతులు కట్టేది దాంతో కాదు. అమ్మ ఆ డబ్బుతో సిమెంటు కొని ఇల్లు లేపితే, మేస్త్రీ కూలీ రూపంలో, ఇటుకల బట్టీ ఆదాయం రూపంలో అది వెనక దారిన మన దేశం లెక్కలోకి వస్తుంది. మీ పేరుతో మాత్రం కాదు.

ఇంకో సంగతి. ఖతార్ తలసరి ఆదాయం దాదాపు 70 వేల డాలర్లు. ఆ దేశంలో ఉన్న జనంలో చాలా ఎక్కువ మంది మనలాంటి వలసవాళ్లే. భాగించేటప్పుడు మీ తలకాయను కూడా లెక్కపెట్టే భాగించారు. అంటే కాగితం మీద మీరు 70 వేల డాలర్ల మనిషి. నెల జీతం స్లిప్పు తీసి చూసుకుంటే మీకే నవ్వొస్తుంది.

మరి లెక్క తప్పా అంటే, నేనలా అనను. అంకె లేకపోతే నౌరోజీ వాదన నిలబడేది కాదు, పోచంపాడుకు ఆ షరతులతో అప్పు పుట్టేది కాదు, 1932లో దేశం ఎంత పడిపోయిందో అమెరికాకు తెలిసేది కాదు. కానీ దేశం తరగతి మనిషి తరగతి కాదు. ఇండియా పేద దేశం అని క్యాంపులో ఎవరన్నా అంటే, అవునన్నా, తలసరి లెక్కలో అంతే అనండి. దాన్ని మీ మీద చెప్పిన మాటగా తీసుకోకండి. మీరిప్పుడు వాళ్ల లెక్కలోనే ఉన్నారు, పై తరగతిలో. ఆ పై తరగతి అంకెను పైకి లేపుతున్న చేతుల్లో మీవీ ఉన్నాయి.

నౌరోజీ దేశాన్ని వలస కూలీ కంచంతో కొలిచారు. నూట యాభై ఏళ్లు గడిచాక కొలతలు చాలా మారాయి, కంచం పక్కకు పోయింది. ఏ దేశం జాబితా చూసినా, మీరు కూడా ఒక్కసారి ఆ పాత కొలత వేసి చూడండి. అక్కడ పనిచేసేవాడికి ఆ పూట తిండి ఎలా ఉంది, ఇంటికి ఎంత పంపగలుగుతున్నాడు అని.

వచ్చే ఎపిసోడ్‌లో మనియార్డరు నుంచి మొబైల్ యాప్ దాకా ఇంటికి డబ్బు చేరిన దారుల కథ చెప్పుకుందాం. మీ ఇంట్లో పాత మనియార్డరు రసీదులు, డ్రాఫ్టు కాగితాలు దాచి ఉంటే వాటి సంగతి మెసేజ్ చేయండి. ఆరోగ్యం జాగ్రత్త. ఉంటాం మరి.